గుడ్ల మీది నీలిపెట్ట

వెస్ట్ థార్ప్,
1946 మే 9, గురువారం.

చిరంజీవి విన్నీకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. క్షేమం అంటే, అమ్మ దగ్గు తగ్గింది, నా మోకాలి నొప్పి తగ్గలేదు, పావురాలకి ఏ లోటూ లేదు. అక్కడ అబర్డీన్‌లో నువ్వూ, నీ వార్డులో పడుకున్నవాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ నిన్నటినుంచి నాతో మాట్లాడటం లేదు. ఎందుకో ఈ ఉత్తరం చదివితే నీకే తెలుస్తుంది. ఎప్పుడూ చివర్లో తను రెండు ముక్కలు రాస్తుంది కదా, ఈసారి రాయనంది. ఆ చోటు కూడా నన్నే నింపుకోమంది.

నీ ఉత్తరం సోమవారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు చెప్తాను. మధ్యలో నీకు తెలిసిన సంగతులు కూడా రాస్తే విసుక్కోకు. ఈ ఉత్తరం రేపెప్పుడైనా లెస్ వాళ్ళమ్మకి కూడా చూపించాల్సి రావచ్చు. ఆవిడకి పావురాల గొడవ తెలియదు.

ఉన్ని మేజోళ్ళు అందాయి. కుడికాలిది సరిపోయింది, ఎడమకాలిది మా స్టేషన్ మాస్టరు కాలికి కూడా వదులవుతుంది. నర్సువి గానీ అల్లిక నీ చేతిలో లేదు.

ఇక సభ సంగతి. నిజమే, వచ్చే శనివారం, పద్దెనిమిదో తారీఖు, పొద్దున పదకొండున్నరకి ఊరి హాల్లో. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. వైమానిక దళం నుంచి ఒక ఆఫీసరు వస్తాడట. మన పావురం బూడిదపిల్ల మెడలో పతకం వేస్తారు, నేను దాన్ని చేతుల్లో పట్టుకుని నిలబడాలి. 'ఇద్దరు వీరుల్ని కాపాడిన పక్షి' అని పతకం మీద చెక్కించారు. వెనక గోడకి ఒక చెక్క పలక కూడా కడుతున్నారు. దాని మీద నలుగురు కుర్రాళ్ళ పేర్లు, కింద రెండు పావురాల పేర్లు. లెస్ వాళ్ళమ్మ నారిచ్ నుంచి వచ్చి ఆ పలక మీది గుడ్డ లాగుతుంది. మా పాస్టరుగారికి ఇలాంటివంటే ఎంత సరదానో నీకు తెలుసు, చర్చి కప్పు కారుతున్నా పట్టించుకోడు గానీ వేదిక మీద ఏ కుర్చీ ఎటు ఉండాలో మూడుసార్లు చూసుకున్నాడు.

నాలుగు పేర్లూ పలక రాసేవాడికి నేనే రాసిచ్చాను. డెస్మండ్ థర్కెల్, విమానం నడిపినవాడు, ఇరవై రెండేళ్ళు, కార్లైల్లో బ్యాంకు గుమస్తా. మన టీ బల్ల దగ్గర కుర్చీ అంచు మీదే కూర్చునేవాడు, ఎవరో వచ్చి లేవమంటారేమో అన్నట్టు. అలెక్ రెన్నీ, డండీవాడు, దారి చూసేదీ బాంబులు వదిలేదీ అతనే. గ్విలిమ్ ప్రోసర్, వైర్‌లెస్సూ పై తుపాకీ. ఆ వేల్సువాడు పాట పాడకుండా బూటు కూడా తొడుక్కునేవాడు కాదు. ఇక విమానం పొట్ట కింద, రేకు డబ్బాలాంటి గూట్లో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కింది తుపాకీ పట్టుకునేవాడు మన లెస్. లెస్లీ ఆట్‌వే అని నిండుపేరు రాయించాను. పేరు రాస్తుంటే పలక రాసేవాడు, "మీ అల్లుడు కావలసినవాడు కదండీ," అన్నాడు. అవునన్నాను.

నువ్వు అడిగిన మూడోది, ప్రతి ఆదివారం నేను లౌత్‌లో సిడ్ బాబాయి ఇంటికి ఎందుకు వెళ్తున్నానని. బాబాయికి ఛాతీ బాగాలేదు, సాయం చెయ్యడానికి వెళ్తున్నానని నాలుగేళ్ళుగా చెప్తూ వస్తున్నాను. బాబాయి నీకు రాసిన కార్డులో ఫుట్‌బాల్ ఆడుతున్నానని రాశాడట. వాడికి అబద్ధం ఆడటం కూడా రాదు. దానికి జవాబు ఆఖర్న చెప్తాను, ఎందుకంటే నీ ఐదో ప్రశ్నకీ దానికీ జవాబు ఒకటే.

నాలుగోది అలెక్ సంగతి. రెండు వారాల కిందట వచ్చాడు. రెండు చేతికర్రలతో నడుస్తున్నాడు. కాలివేళ్ళు ఒక్కటీ మిగల్లేదు, చలికి పోయినవాటిని అప్పుడే తీసేశారు కదా. జనపనార మిల్లులో కుర్చీ పని ఇచ్చారట. అతను చెప్పినదాంట్లో థర్కెల్ మాట నీకు కొంత తెలుసు. జర్మనీలో విల్‌హెల్మ్స్‌హావెన్ రేవు మీద గుండు పేలి థర్కెల్ కడుపులో ఇనప ముక్క దిగింది. అయినా విమానాన్ని ఉత్తర సముద్రం సగం దాటించి, నీళ్ళ మీద పళ్ళెం దించినట్టు దించాడట. రబ్బరు పడవలోకి ఎక్కించాక, మంగళవారం మధ్యాహ్నానికి పోయాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు, "సారీ కుర్రాళ్ళూ," అని మాత్రం అన్నాడట. దేనికి సారీయో అలెక్‌కి ఇప్పటికీ అర్థం కాలేదు.

ప్రోసర్ని బతికించి ఆస్పత్రి నుంచి పంపించారు. బతికించింది దేనికంటే, రెండు వారాలు సెలవిచ్చి ఇంకో విమానం ఎక్కించడానికి. మరుసటి ఏడు ఎస్సెన్ మీద అది కాలిపోయింది, ఏడుగురిలో ఒక్కడూ దిగలేదు. అందుకని ఆ పతకం మీద 'ఇద్దరు' అని చెక్కించడం నాకు నచ్చలేదు. పాస్టరుగారితో అంటే, "అప్పటికైతే ఇద్దరే కదా ఏమస్," అన్నాడు. అప్పటికట! కసాయివాడు కూడా మేకని శుక్రవారం దాకా మేపుతాడు.

ఇక లెస్. నిద్రలో పోయాడని డాక్టరు నీకు రాశాడు. అలెక్ చెప్పింది వేరు. అది రాసేముందు నీ ఐదో మాటకి జవాబు చెప్పాలి, లేకపోతే నీకు సగమే తెలుస్తుంది.

నువ్వేం రాశావు? 'నాన్నా, అందరూ బూడిదపిల్లనే పొగుడుతున్నారు. పెట్టెలో మునిగిపోయిన మన నీలిపెట్ట మాట ఎవరూ ఎత్తట్లేదు. అది కూడా ప్రాణమిచ్చింది కదా. నేనే పత్రికవాళ్ళకి రాశాను,' అని. నీ ఉత్తరం అందిన మర్నాడే విలేకరి వచ్చి కూర్చున్నాడు. నీలిపెట్ట రంగేమిటి, వయసేమిటి, ఫ్రాన్స్ నుంచి గాలికి ఎదురు ఎగిరి వచ్చి పందెం గెలిచిందట కదా అని అడుగుతుంటే, దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. పలక మీద దాని పేరు అప్పుడే రాయించేశారు. బంగారు రంగులో.

విన్నీ, నీలిపెట్ట ఆ విమానం ఎక్కలేదు.

ఆ సోమవారం, 1942 మార్చి తొమ్మిదో తారీఖు, నువ్వు లింకన్‌లో బస్సు డ్యూటీకి పోయావు. మధ్యాహ్నం వైమానిక స్థావరం నుంచి వ్యాను వచ్చింది. ఒక్కో విమానానికి రెండు పావురాలు ఇవ్వాలి, గింజల రేషను పుచ్చుకునేవాళ్ళందరికీ అదే షరతు. సముద్రంలో పడితే కుర్రాళ్ళు చీటీ కట్టి వదులుతారు, పక్షి తన సొంత గూటికే వస్తుంది, గూటివాడు ఆ చీటీ పట్టుకుని పోలీసు దగ్గరికి పరుగెత్తాలి. అప్పటికి నేనిచ్చినవి పదకొండు, తిరిగొచ్చినవి మూడు. కార్పొరల్ కాగితం చూసి, "ఈసారి మీ నీలిపెట్ట వంతండీ," అన్నాడు. లెస్ కూడా ఆ వ్యాన్లోనే వచ్చాడు, లోపల అమ్మ దగ్గర టీ తాగుతున్నాడు. నేను గేటు దగ్గర నిలబడి, "అది గుడ్ల మీద ఉందయ్యా, కదపకూడదు," అన్నాను. కార్పొరల్ బర్మింగ్‌హామ్‌లో టోపీల కొట్టువాడు, పావురాల గురించి వాడికేం తెలుసు? తల ఊపి గీత కొట్టేశాడు.

గుడ్ల మీద ఉన్నమాట నిజమే. పదో రోజు. కానీ పావురాలవాడెవణ్ణయినా అడుగు, పదో రోజు గుడ్ల మీదున్న పెట్టనే ఏరి పందెంలో వదులుతాం. గూట్లో గుడ్లున్న పెట్ట దారిలో గింజ ముట్టదు, నీళ్ళు ముట్టదు, గాలీ వానా చూడదు, రెక్కలు ఊడేలా ఇంటికొచ్చి పడుతుంది. దాన్ని ఇవ్వడానికి ఏది కారణమో అదే నేను ఇవ్వకపోవడానికి సాకు చెప్పాను. మన ఊళ్ళో ఏ పావురాలవాడైనా ఆ మాట విని ఉంటే నా మొహాన ఉమ్మేవాడు.

లెస్ బయటికొచ్చాడు, చేతిలో అమ్మ ఇచ్చిన కేకు ముక్కతో.

"మావయ్యా, ఈ రాత్రి ఈ రెండూ మా పెట్టెలోకేనట. మంచివి ఇవ్వు. మహారాణి ఉందిగా, ఫ్రాన్స్ నుంచి వచ్చిందని ఊరంతా దండోరా వేస్తావు, దాన్నియ్యి."

"ఇంకా మావయ్యని కాలేదు. సెప్టెంబరు దాకా బ్లాంచర్డ్ గారూ అను."

"సెప్టెంబరు దాకా నేనుండాలంటే ఆ పెట్ట ఉండాలి మరి!" అని పెద్దగా నవ్వాడు.

ఇచ్చానన్నాను. బుట్టలో ఉన్నవి ఒకటి మచ్చల పుంజు, ఒకటి బూడిదపిల్ల. ఏడాది పిల్ల, సముద్రం ఎలా ఉంటుందో చూడలేదు. లెస్ వంగి చూసి, "ఇందులో మహారాణి ఎవరు?" అన్నాడు.

"కళ్ళు లేవూ? ఎడమవైపుది."

"నాకు రెండూ కాకుల్లాగే ఉన్నాయి మావయ్యా," అని బుట్ట మీద వేలితో కొట్టి, "అమ్మా మహారాణీ, భారం నీదే తల్లీ," అన్నాడు.

వాడికి పావురమూ కాకీ ఒకటేనని మనం ఎన్నిసార్లు ఏడిపించామో. ఆ ఎగతాళే నాకు పనికొచ్చింది.

ఎందుకు చేశానంటే, ఇంకో మాట పెట్టి దాచను, అది నా దగ్గరే ఉండాలని. యుద్ధం అయిపోయాక దాన్ని మళ్ళీ ఫ్రాన్స్ పంపాలని, దాని పిల్లల్తో జిల్లా అంతా గెలవాలని. లెస్ ఎప్పుడూ తిరిగొచ్చేవాడు, ఆ రోజూ వస్తాడనుకున్నాను, పక్షి అవసరం ఎందుకు పడుతుందిలే అనుకున్నాను. పరాయి కుర్రాళ్ళ విషయంలోనైతే నా మనసు నన్ను ఇంత కూడా నిలదీసేది కాదేమో. అదీ నిజమే, రాస్తున్నాను.

ఆరింటికి నువ్వు ఇంటికొస్తావు. గూట్లో దాన్ని చూస్తే పట్టుకుంటావు, నీకు ప్రతి పక్షీ తెలుసు. అందుకని ఐదింటికే దాన్ని చేపల బుట్టలో పెట్టి, గుడ్లు రెండూ ఉన్ని మేజోడులో చుట్టి కోటు లోపల పెట్టుకుని, సైకిలు మీద సిడ్ బాబాయి ఇంటికి తీసుకుపోయాను. వెళ్ళేసరికి గుడ్లు చల్లబడిపోయాయి. పిల్లలు కాలేదు.

మర్నాడు పొద్దున్నే విమానం రాలేదని తెలిసింది. నువ్వు డ్యూటీ మానేసి గూటి ముందు స్టూలు వేసుకుని ఆకాశం చూస్తూ కూర్చున్నావు. "నీలిపెట్ట ఉంది కదా నాన్నా, మధ్యాహ్నానికి వచ్చేస్తుంది," అని నువ్వే నాకు ధైర్యం చెప్పావు. సాయంత్రం అడిగావు, ఇంకా రాలేదేం అని. బుధవారం అడిగావు. నేను గింజల డబ్బా పట్టుకుని నీ పక్కనే నిలబడ్డాను. గురువారం పన్నెండింటికి బూడిదపిల్ల కప్పు మీద వాలింది, తోకకి నూనె మరక, ఒక కన్ను మూసుకుపోయి. ఏ ఓడ మీద కూర్చుందో, ఏ ఒడ్డుకి కొట్టుకుపోయిందో. చీటీ పట్టుకుని నేను పరుగెత్తిన మాట నిజం. చీకటి పడకముందే బోటు వాళ్ళని అందుకుంది. ఆ రోజు నువ్వు, "నీలిపెట్టేదీ?" అన్నావు. పెట్టెలో మునిగిపోయి ఉంటుందన్నాను. తర్వాత ప్రోసర్ కూడా ఒక పక్షి పెట్టెలోనే మునిగిందని చెప్పాడు. అది మచ్చల పుంజు, దాన్ని గద్ద తన్నుకుపోయిందని నీకు అప్పటికే చెప్పి ఉన్నాను. అదృష్టం నా పక్కన నిలబడింది చూశావా, నిలబడకూడని చోట.

ఇప్పుడు అలెక్ మాట. పక్షిని మంగళవారం తెల్లవారగానే వదిలారు. లెస్ వెంటనే మొదలుపెట్టాడట. "పదకొండుకల్లా ఇంటి కప్పు మీద ఉంటుంది. మావయ్య డబ్బా గలగలలాడిస్తూ ఉంటాడు. పన్నెండుకి పోలీసు. టీ వేళకి మనం బోట్లో." వాడి లెక్క తప్పు కాదమ్మా. పెట్ట అదే అయితే సరిగ్గా అలాగే జరిగేది. థర్కెల్ సంగతి చెప్పలేను, లెస్ మాత్రం ఆ సాయంత్రం మనింట్లో ఉండేవాడు.

బుధవారం వాడి గొంతు తగ్గిపోయింది. పొగమంచు పట్టి ఉంటుంది, అయినా అది తప్పదు అంటూ వచ్చాడట. గురువారం వెలుగు వస్తుండగా ప్రోసర్ విసిగిపోయి, "నీ ముసలాడి పావురం ఎప్పుడో సముద్రంలో పడిందిరా," అన్నాడట. లెస్‌కి కోపం వచ్చింది.

"ఆయన్నేమన్నా అన్నావంటే ఊరుకోను. ప్రాణంలా చూసుకునే పక్షిని నా కోసం ఇచ్చాడాయన," అన్నాడు.

ఆ తర్వాత వాడు మాట్లాడలేదట. పక్షి మన కప్పు మీద వాలడానికి ఐదు గంటల ముందు పోయాడు.

ఇదంతా చెప్పి అలెక్ కర్రలు పక్కన పెట్టి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "బ్లాంచర్డ్ గారూ, మీ పక్షి లేకపోతే నేను లేను," అన్నాడు. ఇంకో కప్పు టీ పొయ్యనా అన్నాను.

నిన్న అమ్మకి చెప్పాను. బంగాళాదుంపలు తొక్క తీస్తోంది. ఆపలేదు. అన్నీ అయ్యాక కత్తి కడిగి, "నాలుగేళ్ళు దాని పెళ్ళి మాట ఎత్తితే నన్ను కసిరిందని నేను ఏడుస్తుంటే, నువ్వు పక్కన కూర్చుని పేపరు చదివావు," అంది. తర్వాత, "ముందు అమ్మాయికి రాయి," అంది. అదే ఆఖరి మాట.

ఇక నీలిపెట్ట. బతికే ఉంది. అందుకే ఆదివారాలు. కానీ అది నాకెందుకు పనికొచ్చిందో విను. పావురం ఎన్నేళ్ళయినా తన గూటికే పోతుంది. సిడ్ దగ్గర తలుపు తీస్తే పావుగంటలో మన కప్పు మీద వాలుతుంది, నువ్వు చూస్తావు. నువ్వు ఊళ్ళో ఉన్నంతకాలం ఆ భయం, నువ్వు వెళ్ళిపోయాక ఊరివాళ్ళ భయం. అందుకని నాలుగేళ్ళు ఇనప జాలీ వెనకే ఉంచాను. ఎగరాలని దాచుకున్న పక్షిని ఒక్కసారి కూడా ఎగరనివ్వలేదు. "వదిలెయ్ ఏమస్, లోపలే కుళ్ళి చస్తుంది," అని సిడ్ ఎన్నోసార్లు అన్నాడు. వాణ్ణి తిట్టేవాణ్ణి. మొన్న ఆదివారం నా చేత్తో తలుపు బార్లా తీశాను. అది నడిచి గూటి ముందు వాలే చెక్క దాకా వచ్చింది, ఆకాశం వైపు ఒకసారి చూసింది, వెనక్కి తిరిగి లోపలికి పోయింది. గంటసేపు నిలబడ్డాను. మళ్ళీ రాలేదు.

పలక రాసేవాడి దగ్గరికి పొద్దున వెళ్ళి నీలిపెట్ట పేరు చెరిపెయ్యమన్నాను. ఎందుకన్నాడు. శనివారం తెలుస్తుందన్నాను. లెస్ వాళ్ళమ్మ పదిన్నర బండికి దిగుతుంది. హాలుకి రాకముందే ప్లాట్‌ఫారం మీద ఆవిడకి అంతా చెప్పేస్తాను. ఆ తర్వాత పలక మీది గుడ్డ లాగుతుందో, అదే బండికి తిరిగిపోతుందో ఆవిడ ఇష్టం. విలేకరి ఏం రాసుకున్నా సరే, పతకం వేసేటప్పుడు పక్షిని ఎవరు పట్టుకున్నా సరే, నేను పట్టుకోను.

నన్ను క్షమించమని నిన్ను అడగటం లేదు. తిరుగు టపాలో అలాంటిది రాస్తే అది నీ మంచితనం అవుతుందే గానీ నిజం కాదు. తిట్టాలనిపిస్తే తిట్టు, ఏమీ రాయాలనిపించకపోతే రాయకు. సెలవు దొరికిందని రాశావు కాబట్టి ఒక్కటి అడుగుతాను. శనివారం ఆవిడ బండికన్నా ముందు బండికే రా. నేను చెప్పేటప్పుడు ఆవిడ ఒక్కతే నిలబడి వినకూడదు. లెస్ మాట వినే హక్కు మీ ఇద్దరికే ఉంది. వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకో, విన్నీ. నా వైపు రాకు.

ఇట్లు,
నువ్వు ఇకమీదట ఏమని పిలిచినా పలికే
మీ నాన్న,
ఏమస్ బ్లాంచర్డ్